పాల్పాలో భైయా

సోనౌలీ దగ్గర దేశం దాటడానికి నాకు ఒక టీ తాగేంత సేపు కూడా పట్టలేదు. వీపు మీద బ్యాగు, చేతిలో అమ్మ గుడ్డ చుట్టి ఇచ్చిన ఆవకాయ జాడీ. రిక్షాలు, లారీలు, రెండు ఆవులు, నేను, అందరం ఒకే ద్వారం కింద నుంచి నడిచాం. మనవాళ్ళకి నేపాల్ వెళ్ళడానికి వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు నాకు అప్పటికి లేనే లేదు. ఓటరు కార్డు జేబులో సిద్ధంగా పెట్టుకున్నాను గానీ అదీ ఎవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే కాస్త చిన్నబుచ్చుకున్నాను. జీవితంలో మొదటిసారి విదేశం వెళ్తుంటే ఒక్క ముద్రయినా వెయ్యరా?

అది 2014 ఏప్రిల్. అవతల అడుగు పెట్టగానే గడియారం పావుగంట ముందుకి, క్యాలెండరు 2071కి వెళ్ళిపోయాయి. వాళ్ళది విక్రమ సంవత్సరం.

నేను అనకాపల్లి వాణ్ణి. కాశీలో ఎమ్మెస్సీ లెక్కలు చదివేటప్పుడు హాస్టల్లో నా పక్క గది కుర్రాడు బుట్వల్ వాడు. పాల్పా జిల్లా తాన్సేన్‌లో ఒక బోర్డింగ్ స్కూలుకి లెక్కల మాస్టారు కావాలని వాడే ఫోన్ చేశాడు. జీతం పాతిక వేలు అనగానే ఎగిరి గంతేశాను. అది ఎన్సీ అని తర్వాత తెలిసింది. అక్కడ డబ్బుకి రెండే పేర్లు: ఐసీ అంటే మన రూపాయి, ఎన్సీ అంటే వాళ్ళ రూపాయి. మన వందకి వాళ్ళ నూట అరవై. అంటే నా జీతం మన లెక్కలో పదిహేను వేల చిల్లర. లెక్కల మాస్టారు మొదటి లెక్కే తప్పాడు.

తాన్సేన్ అనగానే మనకి అక్బరు ఆస్థానంలో పాడినాయన గుర్తొస్తాడు. ఈ ఊరికీ ఆయనకీ ఏ చుట్టరికమూ లేదు. బుట్వల్ దగ్గర మైదానం అయిపోయి కొండలు మొదలవుతాయి, అక్కణ్ణించి మెలికలు తిరిగే సిద్ధార్థ రాజమార్గం మీద నలభై కిలోమీటర్లు. బర్తుంగ్ దగ్గర హైవే వదిలి పైకెక్కితే ఊరు. ఎత్తు సుమారు 1,350 మీటర్లు. ఆ కొండల వరుస పేరు మహాభారత్. మా నాన్నకి ఫోన్లో చెప్తే "మరి రామాయణం ఎక్కడుందిరా" అన్నారు. హిమాలయం అనగానే మంచులో కూరుకుపోయి ఉంటానని మా వాళ్ళ బెంగ. నేనున్న రెండేళ్ళలో ఊళ్ళో చిటికెడు మంచు పడలేదు. మంచు అంతా ఉత్తరాన, చూసుకోవడానికి.

రెండో రోజు కూరగాయల కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి, "ఏ భైయా, కే చాహియో?" అన్నాడు. భైయా అంటే అన్నయ్యే కదా, మర్యాదే అనుకుని సంబరపడ్డాను. తర్వాత గమనించాను. నేపాలీ వాళ్ళు తమలో తాము పిలుచుకునే మాట దాయి. భైయా అనేది కింద మైదానం నుంచి వచ్చి పళ్ళు అమ్మేవాళ్ళకి, క్షవరం చేసేవాళ్ళకి, పాత ఇనుము కొనేవాళ్ళకి పెట్టిన పేరు. నా రంగు, నా మీసం, నా హిందీ యాస, అన్నీ కలిపి నన్ను ఆ వరసలో నిలబెట్టాయి. మనకి మీరు, నువ్వు ఉన్నట్టు వాళ్ళకి తపాఈ, తిమీ ఉన్నాయి. భైయాకి దొరికేది తిమీ.

ఆ ఊళ్ళో విదేశీయులు లేక కాదు. 1954 నుంచి అక్కడ ఒక మిషన్ ఆసుపత్రి ఉంది, తెల్ల డాక్టర్లు దశాబ్దాలుగా వస్తూ పోతూ ఉంటారు. వాళ్ళని వెనక కుయిరే అంటారు గానీ ఎదురుగా పిల్లలు పరిగెత్తుకెళ్ళి నమస్తే చెప్తారు. పరదేశి అంటే వాళ్ళే. నాకు అటు పరదేశి హోదా లేదు, ఇటు ఊరివాడి చనువు లేదు. స్కూల్లో చేరిన నెలకి బజారంతా నన్ను సర్ అనడం మొదలెట్టింది, అదే కూరగాయలాయన కూడా తపాఈలోకి దిగాడు. చెప్తే నవ్వుతారేమో గానీ, ఆ రోజు అక్కర్లేకపోయినా కిలో ముల్లంగి కొన్నాను.

నాకు గది దొరికింది టక్సార్ టోల్ అనే పేటలో, నేవార్లనే జాతివాళ్ళ ఇంట్లో. పాత ఇటుక ఇల్లు, చెక్కిన కొయ్య కిటికీలు, నిచ్చెనలాంటి మెట్లు. గుమ్మాలు ఎంత పొట్టివంటే మొదటి నెలంతా నా నుదుటి మీద బొప్పి తగ్గలేదు. ఇంటావిడకి అరవై దాటాయి. ఊరంతా ఆమెను ఆమా అనేది, నేనూ అలాగే అన్నాను. అమ్మకీ ఆమాకీ తేడా ఒక దీర్ఘమే కదా. భర్త పోయారు, కొడుకు ఖతార్‌లో. ఆ వీధిలో ప్రతి ఇంటికీ ఖతార్‌లోనో మలేషియాలోనో ఒక కొడుకున్నాడు.

నేవార్ల ఇళ్ళలో వంటిల్లు అన్నిటికన్నా పై అంతస్తులో ఉంటుంది. పరాయివాళ్ళు అక్కడికి వెళ్ళరు. మూడు నెలల పాటు నా పళ్ళెం కిందికే వచ్చేది. ఆమా తెచ్చిపెట్టి "ఖానా ఖాను భయో?" అని మళ్ళీ అడిగేది. అన్నం తిన్నారా అని. పలకరింపు కూడా అదే. మన గోదావరి, విశాఖ పల్లెల్లో "భోంచేశారా" అన్నట్టే, దానికి జవాబు అక్కర్లేదు, అడగడమే ముఖ్యం.

శ్రావణంలో ఒక సాయంత్రం, ముసురు, కరెంటు లేదు. పైనించి కేక: "మాథి ఆఊ, బాబు." పైకి రా బాబూ అని. వాళ్ళ భాషలోనూ చిన్నవాణ్ణి బాబూ అనే అంటారు. తపాఈ పోయి తిమీ వచ్చింది. కూరగాయలాయన తిమీ వేరు, ఈ తిమీ వేరు. తల వంచుకుని, ఈసారి గుమ్మం తగలకుండా, మూడో మెట్ల వరస ఎక్కాను.

ఆ రోజు ఆమె చుకౌనీ చేసింది. పాల్పా వంట అది, ఊరు దాటితే ఆ రుచి రాదంటారు. ఉడికిన బంగాళాదుంపలు చేత్తోనే చిదిపింది, మరీ ముద్ద కాకుండా. చిక్కటి పెరుగు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉప్పు. ఇంతవరకూ మన పెరుగు పచ్చడే కదా అనుకున్నాను. తర్వాత ఇనప గరిటెలో ఆవనూనె పొగలొచ్చేదాకా కాచి మెంతులు వేసింది. ఎర్రబడ్డాయి. తియ్యలేదు. నల్లబడుతున్నాయి. "ఆమా, మాడిపోతున్నాయి!" అన్నాను తెలుగులోనే, కంగారులో. ఆమెకి మాట అర్థం కాలేదు గానీ సంగతి అర్థమై నవ్వింది. మెంతులు బొగ్గు రంగుకి వచ్చాక పసుపు చిటికెడు వేసి, చుర్రుమని పెరుగులో ఒంపింది. మా ఇంట్లో పోపు అలా మాడితే అమ్మ మళ్ళీ పెడుతుంది. ఇక్కడ ఆ చేదు వాసనే వంట. నేను కిందికి వెళ్ళి ఆవకాయ జాడీ తెచ్చాను. ఆమె ఒక ముక్క కొరికి, కళ్ళు తుడుచుకుని, ఇంకో ముక్క తీసుకుంది.

గారెల సంగతి కూడా చెప్పాలి. మగర్లనే జాతివాళ్ళు చేసే బటుక్ అని ఒకటి పాల్పా టీ కొట్లలో పొద్దున్నే వేస్తారు. మినప్పిండి, మధ్యలో చిల్లు, నూనెలో వేగి బంగారు రంగు. నేను మొదటిసారి చూసి కొట్టు ముందే నిలబడిపోయాను. ఎవరిదీ గారె? వాళ్ళు మా దగ్గర నేర్చుకోలేదు, మేం వాళ్ళ దగ్గర నేర్చుకోలేదు. పొట్టు మినపప్పు కాబట్టి రంగు కాస్త ముదురు, అంతే. ఇంటికి ఫోన్ చేసి చెప్తే మా అమ్మకి మొదటిసారి నా క్షేమం మీద నమ్మకం కుదిరింది.

అదే ఫోన్లో ఇంకో తికమక. టక్సార్ టోల్ ఇత్తడి, కంచు పనికి పేరు. అక్కడి ప్రసిద్ధ వస్తువు కరువా: బొజ్జ చెంబుకి కొమ్ము పెట్టినట్టుండే బరువైన నీళ్ళ పాత్ర. పెళ్ళిళ్ళలో ఇస్తారు, చుట్టాలొస్తే దాంతోనే నీళ్ళు. నేను సంబరంగా "ఇక్కడ ప్రతి ఇంట్లో కరువా ఉందమ్మా" అన్నాను. అమ్మ ఒక్క క్షణం ఆగి, "కరువుంటే అక్కడెందుకురా, వచ్చెయ్" అంది.

స్కూలు గురించి ఎక్కువ చెప్పను, పిల్లలు ఎక్కడైనా పిల్లలే. శనివారం సెలవు, ఆదివారం బడి, దానికి అలవాటు పడటానికి ఏడాది పట్టింది. పదో తరగతి ఎస్సెల్సీని ఇనపద్వారం అనేవారు. ఆప్ట్ మ్యాథ్స్, అంటే ఆప్షనల్ లెక్కలు చెప్పే మాస్టారికి గౌరవం. నాది ఏ ఊరని పిల్లలు అడిగితే ఆంధ్రా అన్నాను, తెలియలేదు. అల్లు అర్జున్ పేరు చెప్పాను, క్లాసు దద్దరిల్లింది. హిందీలోకి డబ్ అయిన మన సినిమాలు టీవీలో ఆడని రోజు లేదు. ఆ జూన్‌లో ఇక్కడ రాష్ట్రం రెండైంది. అది వాళ్ళకి చెప్పడానికి ప్రయత్నించి విరమించుకున్నాను.

శనివారాలు మాత్రం నావి. తెల్లవారకముందే శ్రీనగర్ డాండా ఎక్కేవాణ్ణి. ఊరి నెత్తి మీద కొండ అది, నిండా పైన్ చెట్లు. చలికాలం పొద్దున్న అక్కణ్ణించి దక్షిణానికి చూస్తే కింద మాడీ లోయ కనపడదు. పొగమంచు నిండి తెల్లటి చెరువులా నిలిచి ఉంటుంది, కొండ కొసలు లంకల్లా తేలుతుంటాయి. ఉత్తరానికి తిరిగితే ధవళగిరి, అన్నపూర్ణ, మచ్ఛాపుచ్ఛ్రే. ఊరంతా ఒకటే నిటారు. అమరనారాయణ్ గుడి నుంచి బజారుకి ఎక్కే రాళ్ళ వీధి మీద పాలమనిషి డొక్కో బుట్ట నుదుటి పట్టీతో మోసుకుంటూ నన్ను రోజూ దాటిపోయేవాడు. నేను ఆగి ఊపిరి తీసుకోవడం చూసి, ఏదో దృశ్యం చూస్తున్నానని అనుకునేవాడు, పాపం.

రానీఘాట్‌కి నాలుగుసార్లు వెళ్ళాను. అడవి దారిన దిగడానికి రెండు గంటల పైన, ఎక్కడానికి నాలుగు. కింద కాళీగండకి ఒడ్డున, పెద్ద రాతి మీద ఒక రాజమహలు. ఖడ్గ శంషేర్ రాణా అనే ఆయన ఖాట్మండూ కుట్రల్లో ఓడిపోయి పాల్పాకి గవర్నరుగా పంపబడ్డాడు. భార్య తేజ్ కుమారి చనిపోతే ఆమె జ్ఞాపకంగా 1893లో దీన్ని కట్టించాడు. నేపాల్ తాజ్‌మహల్ అని ఇప్పుడు పోస్టర్లు. నాకు ఆ పోలిక నచ్చదు. తాజ్‌మహల్ చుట్టూ జనం ఉంటారు. ఇక్కడ వేలాడే వంతెన, మేకలు, నది హోరు, ఖాళీ గదుల్లో ప్రతిధ్వని. నేను ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. సాలగ్రామాలు దొరికే నది అదే. మా తాతగారి పూజలో ఉన్న నల్లరాయి ఈ నీళ్ళలోనే దొర్లి ఉంటుంది.

ఊళ్ళో ఉన్న పెద్ద దర్బారు కథ వేరు. 2006 జనవరి 31 రాత్రి మావోయిస్టుల దాడిలో అది తగలబడింది. నేను చూసింది తిరిగి కట్టినది. ఆ రాత్రి ఏం చేశారని ఆమాని అడిగితే మెట్ల కింద చిన్న చీకటి కొట్టు చూపించింది. "ఇక్కడ కూర్చున్నాం. తెల్లారాక బియ్యం కడిగాను." అంతే చెప్పింది.

2014 దశై పండక్కి, అంటే మన దసరాకి, ఆమా నా నుదుట పెరుగు, కుంకుమ కలిపిన అక్షతల ముద్ద అంటించి, చెవి మీద జమరా పెట్టింది. జమరా అంటే చీకట్లో పెంచిన బార్లీ మొలకలు, పసుప్పచ్చగా ఉంటాయి. మన పెళ్ళి పాలికల్లో మొలకలు గుర్తొచ్చాయి. నెత్తిన పాల్పా ఢాకా టోపీ ఒకటి పెట్టి, యాభై రూపాయల కొత్త నోటు దక్షిణ ఇచ్చింది.

ఆ తర్వాత పది రోజులకి హుద్‌హుద్. అక్టోబరు 12న విశాఖ తీరాన్ని తాకింది. ఇంటికి ఫోన్ కలవదు, వైబర్ లేదు, ఏమీ లేదు. రెండు రోజులకి అదే తుపాను బలహీనపడుతూ ఉత్తరానికి వచ్చి హిమాలయాన్ని తగిలింది. తాన్సేన్‌లో ముసురు. పైన ముక్తినాథ్ దగ్గర థోరాంగ్ కనుమలో మంచు తుపానై నలభై మందికి పైగా ప్రాణాలు తీసింది. మా ఊరి చెరుకు తోటల్ని పడగొట్టిన గాలే అని రేడియో ముందు కూర్చుని ఆమాకి చెప్పాను. ఆమె నమ్మలేదు. అనకాపల్లి ఎక్కడ, ముక్తినాథ్ ఎక్కడ. నాలుగో రోజున నాన్న గొంతు వినపడింది: రేకుల షెడ్డు ఎగిరిపోయింది, అందరం బాగున్నాం, నువ్వు తిన్నావా?

నవంబరులో ఒక శనివారం బర్తుంగ్‌లో టీ తాగుతున్నాను. నెత్తిన టోపీ. ఒక టూరిస్టు బస్సు ఆగింది. దిగిన పెద్దావిడ చేతిలో స్టీలు డబ్బా పట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చి, "భైయా, గరమ్ పానీ మిలేగా? గరమ్ పానీ?" అని గట్టిగా, చెవిటివాడికి చెప్పినట్టు అడిగింది. వెనకనించి ఇంకో గొంతు: "వీడికి హిందీ వచ్చో రాదో, సైగ చెయ్యి వదినా."

ఏడు నెలలైంది ఎదురుగా తెలుగు విని. "వస్తుందండీ, తెలుగు కూడా వచ్చు" అన్నాను. వదిన చేతిలో డబ్బా జారింది. బస్సంతా దిగింది. ముక్తినాథ్ యాత్ర, నూట ఎనిమిది దివ్యదేశాల్లో సాలగ్రామం అదే కదా. తణుకు, భీమవరం వాళ్ళు. ఏ ఊరు, ఎవరబ్బాయివి, ఎంతిస్తారు, పెళ్ళయిందా, ఈ కొండల్లో ఏం కర్మ నాయనా, అన్నీ ఐదు నిమిషాల్లో తేలిపోయాయి. పోతూ పోతూ చేగోడీల పొట్లం, కందిపొడి సీసా చేతిలో పెట్టారు. బస్సు వెళ్ళాక టీ కొట్టు దిదీ అడిగింది, వాళ్ళు నీ చుట్టాలా అని. అవునన్నాను.

భూకంపం వచ్చిన 2015 ఏప్రిల్ 25 కూడా శనివారమే, అందుకే పిల్లలు బతికిపోయారని నేపాల్ అంతా చెప్పుకుంది. పదకొండూ యాభై ఆరు. నేను మెట్ల మీద ఉన్నాను, ఆమా పై వంటింట్లో. ఆ పొట్టి గుమ్మాల్లోంచి ఆమెను ఎలా దించానో నాకు గుర్తు లేదు. తుండిఖేల్ మైదానంలో అందరం ఆకాశం కింద కూర్చున్నాం. తూర్పు జిల్లాలతో పోలిస్తే పాల్పా చాలా తేలిగ్గా బయటపడింది. మా ఇంటి గోడకి ఒక బీట, అంతే. అయినా వారం పాటు ఎవరూ పై అంతస్తులో వండలేదు.

అసలు కరువు సెప్టెంబరులో వచ్చింది. కొత్త రాజ్యాంగం వచ్చిన కొద్ది రోజులకే సరిహద్దులో సరుకు లారీలు ఆగిపోయాయి. నేపాల్ మైదానంలో ఉండే మధేసీల ఆందోళన వల్ల అని మన ప్రభుత్వం అంది. ఇండియా చేసిన నాకాబందీ, అంటే దిగ్బంధం, అని నేపాల్ అంది. పెట్రోలు లేదు, గ్యాసు లేదు, మందులకి కటకట. తర్వాత సిలిండరు సగం నింపి ఇవ్వడం మొదలెట్టారు, దానికీ రోజుల తరబడి వరస. చలికాలం, రోజుకి పది గంటలకి పైగా లోడ్‌షెడింగ్, కరెంటు పొయ్యి పెట్టుకుందామన్నా కుదరదు.

మా పక్కింటి ముసలాయన మన సైన్యంలో గోర్ఖా రెజిమెంటులో చేసి రిటైరైనవాడు, అక్కడి మాటలో లాహురే. సికింద్రాబాదులో ఉన్నానని చెప్పి నాతో "ఏమండీ బాగున్నారా" అనేవాడు. అందరికన్నా కోపం ఆయనకే. పెన్షను ఐసీలో, తిట్లు ఎన్సీలో అని నేనంటే ఇంతకుముందైతే నవ్వేవాడు, ఆ నెలల్లో నవ్వలేదు. క్లాసులో ఒక అమ్మాయి లేచి, చాలా మర్యాదగా, "సర్, మీ దేశం మమ్మల్ని ఎందుకు ఇలా చేస్తోంది?" అంది. బోర్డు మీద సమీకరణం సగంలో ఉంది. నాకు తెలియదన్నాను. అది నిజమే గానీ జవాబు కాదని నాకూ తెలుసు, ఆ పిల్లకీ తెలుసు. ఆ సాయంత్రం కూరగాయల కొట్టులో సంచీ చాపితే, ఆయన నా మొహం చూడకుండా అన్నాడు: "భైయా, ఆలు ఛైన." దుంపలు లేవట. దుంపలు నా మోకాలి దగ్గరే ఉన్నాయి.

ఖతార్ కొడుకు వైబర్‌లో ఏదో గట్టిగా అనడం మెట్ల మీంచి విన్నాను. ఆమా తాపీగా జవాబిచ్చింది: "ఇండియా దిల్లీలో ఉంటుంది. బాబు మనింట్లో ఉంటాడు." మర్నాటి నుంచి నేను స్కూలైపోయాక శ్రీనగర్ డాండా కింద ఎండు పుల్లలు ఏరుకొచ్చేవాణ్ణి. పెరట్లో మూడు ఇటుకల పొయ్యి. ఊదడం రాక నా కళ్ళు మండిపోతే ఆమె గొట్టం లాక్కునేది. మాఘే సంక్రాంతికి ఆ పొయ్యి మీదే తరుల్ దుంపలు ఉడికాయి. నేను నువ్వులూ బెల్లమూ కలిపి ఉండలు చుట్టాను. వాళ్ళదీ అదే పిండివంట, అదే రోజు.

ఫిబ్రవరిలో లారీలు కదిలాయి. ఎస్సెల్సీ పరీక్షలు అయ్యాక, 2016 ఏప్రిల్‌లో, నాన్నకి ఒంట్లో బాగోలేక నేను వచ్చేయాల్సి వచ్చింది.

బయల్దేరే రోజు పొద్దున్న ఆమా సగన్ పెట్టింది, శుభం కోసం తినిపించేది. ఉడికించిన గుడ్డు, ఎండు చేప, మినప బారా, చిన్న గిన్నెలో ఇంటి సారా. గుడ్డు ఒక చేత, సారా ఒక చేత పట్టుకుని, బ్రాహ్మల పిల్లాణ్ణి, కాసేపు ఆలోచించాను. తినేశాను. గుమ్మానికి రెండు వైపులా నీళ్ళు నింపిన కరువాలు, పైన ఎర్ర పూలు. ఒకటి ఆ ఇంటిది, ఒకటి కొత్తది, నా సంచీలోకి వెళ్ళబోయేది. గడప దాటే ముందు నీళ్ళలో ఒక నాణెం వెయ్యమంది.

జేబులన్నీ తడిమాను. ఎన్సీ చిల్లరంతా ముందు రోజే ఖర్చు పెట్టేశాను. దారిలో పనికొస్తుందని దాచుకున్న మన రూపాయి బిళ్ళ ఒక్కటే ఉంది. చేతిలో పెట్టుకుని చూపించాను. "ఆమా, ఐసీ మాత్రమే ఉంది."

"చల్ఛ, బాబు," అంది. "చల్ఛ."

చెల్లుతుందని.